తనని తానే కోసుకునే గెయిన్ డొమైన్: తరచుగా అడిగే ప్రశ్నలు

రిసెప్టర్ల మీద, అంటే బయటి సంకేతాన్ని పట్టుకుని కణం లోపలికి చేరవేసే ప్రోటీన్ల మీద, కొత్తగా పని మొదలుపెట్టినవాళ్ళు, బయోకెమిస్ట్రీ చదువుకునేవాళ్ళు నన్ను అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు, ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసేస్తున్నా. ఒక్క విషయం ముందే చెప్తా, ఇందులో చాలామంది తప్పులో కాలేసేది ఒకటే చోట: ప్రోటీన్ తెగింది అనగానే రిసెప్టర్ ఆన్ అయిపోయింది అనుకుంటారు. తెగడం వేరు, ఆన్ అవడం వేరు, ఈ రెండింటికీ మధ్య గంటలు గడవచ్చు, రోజులు గడవచ్చు, ఆ రెండోది అసలు జరక్కపోనూ వచ్చు. ఇదొక్కటి పట్టుకుంటే మిగతాది సులువు.

అసలు గెయిన్ డొమైన్ అంటే ఏంటి?

కణం పైపొర మీద ఉండే కొన్ని రిసెప్టర్లలో, గొలుసు పొరలోకి దూరడానికి కాస్త ముందు, బయటివైపు కూర్చునే ఒక పెద్ద మడత ఇది. సుమారు 320 అమైనో యాసిడ్లు. జీపీసీఆర్ (రిసెప్టర్లలో ఒక పెద్ద కుటుంబం) ఆటోప్రోటియోలిసిస్ ఇండ్యూసింగ్ అన్న మాటల్లో మొదటి అక్షరాలు తీసుకుని గెయిన్ అన్నారు, అంటే రిసెప్టర్ తనని తాను కోసుకునేలా చేసే డొమైన్ అన్నమాట. లోపల రెండు భాగాలుంటాయి. మొదటి దాంట్లో ఆల్ఫా హెలిక్సులు, రెండో దాంట్లో బీటా పోగులు రెండు పలకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. కోత జరిగేది ఈ రెండో భాగంలో, అదీ చిట్టచివరి బీటా పోగుకి సరిగ్గా ముందు. ఆ చివరి పోగుని గుర్తుపెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇది ఏ రిసెప్టర్లలో ఉంటుంది?

ముఖ్యంగా అడ్హీషన్ జీపీసీఆర్లు అనే కుటుంబంలో. మనుషుల్లో ఈ కుటుంబంలో 33 మంది సభ్యులున్నారు, జీపీఆర్123 ఒక్కటి తప్ప మిగతా అందరికీ గెయిన్ ఉంది. మామూలు జీపీసీఆర్ అంటే పొరలోంచి ఏడుసార్లు అటూ ఇటూ కుట్టినట్టు పోయే గొలుసు, బయట పెద్దగా ఏమీ ఉండదు, అడ్రినలిన్ లాంటి చిన్న అణువు వచ్చి గుంటలో కూర్చుంటే లోపల సంకేతాన్ని ముందుకి తీసుకెళ్ళే జీ ప్రోటీన్ కదులుతుంది. వీటికి మాత్రం బయట చాంతాడంత భాగం వేలాడుతూ ఉంటుంది, వీఎల్‌జీఆర్1 అనే దాంట్లో అయితే గొలుసు మొత్తం 6000 అమైనో యాసిడ్లు దాటిపోతుంది, ఆ పొడవాటి చేతులతో పక్క కణాన్నో, కణాల మధ్య ఉండే కొలాజెన్ లాంటి వాటినో పట్టుకుంటాయి, పట్టుకునే గుణం వల్లే అడ్హీషన్ అనే పేరు. ఇవి కాక పాలీసిస్టిన్-1 అనే కిడ్నీ ప్రోటీన్లో కూడా గెయిన్ ఉంది. అది జీపీసీఆర్ కాదు, పొరలోంచి 11 సార్లు పోయే వేరే జాతి, దాని సంగతి జబ్బుల దగ్గర చెప్తా.

ఈ డొమైన్ వయసు కూడా తక్కువేం కాదు. డిక్టియోస్టీలియం అనే అమీబాలో, టెట్రాహైమీనా అనే ఏకకణ జీవిలో కూడా దీని పోలికలు దొరికాయి, అంటే నరాలూ రక్తమూ పుట్టకముందు నుంచే ఉంది.

నిజంగా తనంతట తానే కోసుకుంటుందా? పక్కన ఏ ఎంజైమూ ఉండదా?

ఉండదు. చాలామందికి నమ్మకం కుదరనిది ఇక్కడే. అమైనో యాసిడ్లని గొలుసుగా కలిపే పెప్టైడ్ బంధం మామూలు గట్టిది కాదు, నీళ్ళలో దాని మానాన దాన్ని వదిలేస్తే విడిపోడానికి వందల ఏళ్ళు పడుతుంది, అందుకే మన ఒంట్లో దాన్ని కోయడానికి ప్రోటియేజులు అని ఒక సైన్యమే ఉంది. గెయిన్ మాత్రం ఎవర్నీ పిలవదు. మడత సరిగ్గా పడితే చాలు, ఆ మడత వల్లే మూడు అమైనో యాసిడ్లు ఒకదానికొకటి సరైన దూరంలో, సరైన కోణంలో వచ్చి నిలబడతాయి, పని అయిపోతుంది. అది కూడా ఒక్కసారే. ఎంజైమ్ అయితే ఒకదాన్ని కోసి ఇంకోదాని మీదకి వెళ్తుంది, ఇది తన సొంత గొలుసుని ఒకే చోట ఒకే ఒక్కసారి కోసి ఇక ఊరుకుంటుంది. కాబట్టి దీన్ని ప్రోటియేజ్ అనకండి, పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి.

ఆ కెమిస్ట్రీ కాస్త విడమరిచి చెప్తారా?

చెప్తా. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం కాబట్టి కొంచెం సాగుతుంది.

కోత జరిగే చోట వరసగా ఉండేవి హిస్టిడిన్, ల్యూసిన్, త్రియోనిన్. కొన్ని రిసెప్టర్లలో త్రియోనిన్ బదులు సెరిన్ ఉంటుంది, రెండిటికీ పక్కన ఓహెచ్ గుంపు ఉంది కాబట్టి తేడా రాదు. తెగేది ల్యూసిన్‌కీ త్రియోనిన్‌కీ మధ్య ఉన్న బంధం. జీపీఆర్56 అనే రిసెప్టర్లో చూస్తే హిస్టిడిన్ నంబరు 381, ల్యూసిన్ 382, త్రియోనిన్ 383.

ముందు హిస్టిడిన్, త్రియోనిన్ ఓహెచ్ నుంచి ప్రోటాన్‌ని లాగేస్తుంది. ప్రోటాన్ పోయిన ఆక్సిజన్ ఊరికే ఉండదు కదా, పక్కనే ఉన్న ల్యూసిన్ కార్బొనైల్ కార్బన్ మీద పడుతుంది. ఒక్క క్షణం ఆ కార్బన్‌కి నాలుగు చేతులూ నిండి ఉంటాయి, తర్వాత నైట్రోజన్‌తో ఉన్న పాత బంధం వదిలేసి ఆక్సిజన్‌తో కొత్త బంధం పెట్టుకుంటుంది. అంటే గొలుసు ఇంకా తెగలేదు, కానీ నైట్రోజన్ మీదుగా ఉన్న ముడి ఆక్సిజన్ మీదకి జరిగింది, గట్టి అమైడ్ కాస్తా బలహీనమైన ఎస్టర్ అయింది. దీన్నే ఎన్ నుంచి ఓ కి ఎసైల్ షిఫ్ట్ అంటారు. ఆ తర్వాత నీటి అణువు ఒకటి వచ్చి ఎస్టర్‌ని విడగొడుతుంది, ఎస్టర్‌ని విడగొట్టడం నీళ్ళకి కష్టమేం కాదు. అంతే, గొలుసు రెండు ముక్కలు.

ఇదంతా కాగితం మీద బాణాలు గీసి ఊహించింది మాత్రమే అనుకోకండి. 2004 లో ఈఎంఆర్2 అనే అడ్హీషన్ రిసెప్టర్ మీద చేసిన పనిలో హైడ్రాక్సిల్అమైన్ కలిపితే కోత వేగం పెరిగింది. హైడ్రాక్సిల్అమైన్‌కి ఎస్టర్లంటే మహా ఇష్టం, నీళ్ళకన్నా జోరుగా వాటి మీద పడుతుంది, కాబట్టి మధ్యలో ఎస్టర్ ఉందనడానికి అదొక మంచి సాక్ష్యం. అలాగే ఆ త్రియోనిన్‌నో సెరిన్‌నో అలనిన్‌గా మారిస్తే కోత ఆగిపోతుంది, ఓహెచ్ లేకపోతే దాడి చేసేవాడే లేడు కదా.

జీపీఎస్ అంటే గెయిన్‌కి ఇంకో పేరా? ఫోన్లో ఉండే జీపీఎస్‌కి దీనికి ఏమైనా సంబంధం ఉందా?

ఫోన్‌తో సంబంధం లేదు, కానీ నవ్వకండి, సెర్చ్ చేసినప్పుడల్లా మ్యాపులు వచ్చి విసిగిస్తాయి. ఇక్కడ జీపీఎస్ అంటే జీపీసీఆర్ ప్రోటియోలిసిస్ సైట్. ముందు కనిపెట్టింది ఇదే, కోత జరిగే చోటు చుట్టూ ఉన్న సుమారు 50 అమైనో యాసిడ్ల ముక్క, అందులో సిస్టీన్లు, ట్రిప్టోఫాన్లు మారకుండా ఉంటాయి. చాలాకాలం జీపీఎస్ ఒక్కటే సొంతంగా ఒక డొమైన్ అనుకున్నారు, కానీ దాన్ని విడిగా తీస్తే నిలబడేది కాదు, కోసుకునేదీ కాదు. 2012 లో డెమెట్ అరాచ్, థామస్ సూడోఫ్, ఆక్సెల్ బ్రుంగర్ వాళ్ళు ఎలుక లాట్రోఫిలిన్-1 దీ మనిషి బీఏఐ3 దీ (రెండూ అడ్హీషన్ రిసెప్టర్లే) క్రిస్టల్ నిర్మాణాలు తీశాక అసలు సంగతి తెలిసింది: జీపీఎస్ అనేది ఒక పెద్ద మడతలో చివరి కొస మాత్రమే, మడత మొత్తం ఉంటేనే కోత. ఆ మొత్తానికే గెయిన్ అని పేరు పెట్టారు.

కోత ఎక్కడ, ఎప్పుడు జరుగుతుంది?

రిసెప్టర్ ఇంకా కణం ఉపరితలానికి రాకముందే, కణం లోపల ప్రోటీన్లు మడత పడే చోటైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో మడత పడుతున్నప్పుడే. అంటే పైపొర మీద మీకు కనపడే రిసెప్టర్ అప్పటికే తెగి ఉంది. లిగాండ్ (రిసెప్టర్ కి వచ్చి అతుక్కునే అణువు) రావడం, పక్క కణం లాగడం ఇవన్నీ చాలా తర్వాతి సంగతులు. మొదట్లో చెప్పిన తప్పు ఇందుకే తప్పు: కోత సిగ్నల్ వల్ల జరగట్లేదు, పుట్టుకతోనే జరిగిపోయింది.

తెగిపోయాక రెండు ముక్కలూ విడిపోవా మరి?

విడిపోవు, అదే దీని గొప్పతనం. బయటి ముక్కని ఎన్‌టీఎఫ్ అంటారు, పొరలో ఉండేదాన్ని సీటీఎఫ్ అంటారు. చివరి బీటా పోగు కోత తర్వాత లెక్క ప్రకారం సీటీఎఫ్‌కి చెందింది, కానీ అది కూర్చున్నది మాత్రం ఎన్‌టీఎఫ్ వైపు గెయిన్ మడత నడిమధ్యలో. చుట్టూ నూనె గుణం ఉన్న అమైనో యాసిడ్లు, పక్క పోగులతో వరసగా హైడ్రోజన్ బంధాలు. ఒరలో దూర్చిన కత్తిలా బిగుసుకుని ఉంటుంది, ఒర ఒకరిది కత్తి ఇంకొకరిది. క్రిస్టల్ నిర్మాణంలో కూడా బంధం తెగినట్టు కనపడింది గానీ పోగు మాత్రం కదల్లేదు, ఎక్కడిది అక్కడే ఉంది.

విడిపోనప్పుడు కోసుకుని ఏం లాభం?

ఇదీ అసలు ప్రశ్న. దీనికి జవాబు దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది.

2014 లో ఇనెస్ లీబ్‌షెర్ వాళ్ళ బృందం జీపీఆర్126, జీపీఆర్133 మీదా, ఆ మరుసటి ఏడు గ్రెగరీ టాల్ ల్యాబ్ జీపీఆర్56, జీపీఆర్110 మీదా పనిచేసి చూపించింది ఏంటంటే, ఆ దాక్కున్న చివరి పోగే రిసెప్టర్‌ని ఆన్ చేసే మందు. బయట్నుంచి వేరే లిగాండ్ వచ్చి గుంటలో కూర్చోనక్కర్లేదు, రిసెప్టర్ తన మందుని తన ఒంట్లోనే, ఒరలో పెట్టుకుని తిరుగుతోంది. జర్మన్‌లో దానికి స్టాఖెల్ అని పేరు పెట్టారు, ముల్లు, కొండి అని అర్థం. తేలు తోక చివర కొండి ఎలాగో అలాగే అనుకోండి, కాకపోతే ఈ తేలు కుట్టుకునేది తననే.

జీపీఆర్56 ముల్లు ఎలా ఉంటుందో ఒకసారి దగ్గర్నుంచి చూడండి. త్రియోనిన్, టైరోసిన్, ఫినైల్అలనిన్, అలనిన్, వాలిన్, ల్యూసిన్, మెథియోనిన్. ఏడు. త్రియోనిన్ తప్ప దాదాపు అన్నీ నీళ్ళంటే పడనివే. అందుకే ఒర లోపల అంత హాయిగా ఉంటాయి, అందుకే ఒర పోగానే ఇంకో నూనె గుంట వెతుక్కుంటాయి, ఆ గుంట కిందే రెడీగా ఉంది, పొరలో ఏడు హెలిక్సుల మధ్యలో. బయటి ఎన్‌టీఎఫ్‌ని ఎవరైనా లాగితే అది ఊడొస్తుంది, ముల్లు బయటపడుతుంది, వంగి కింద గుంటలో గుచ్చుకుంటుంది, జీ ప్రోటీన్ కదులుతుంది. 2022 లో చాలా బృందాలు దాదాపు ఒకేసారి క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో దీన్ని ఫొటో తీసినట్టు చూపించాయి, ఒరలో బీటా పోగుగా నిటారుగా ఉన్నది గుంటలోకి వచ్చాక కొంత హెలిక్స్‌లా చుట్టుకుని కొక్కెంలా వంగి ఉంది. ఒకే ఏడెనిమిది అమైనో యాసిడ్లు రెండు చోట్ల రెండు ఆకారాలు. నాకైతే ఆ బొమ్మ చూసిన రోజు వేరే పని సాగలేదు.

ఇప్పుడు లాభం అర్థమైందా? ముందే కోసి ఉంచకపోతే ఎంత లాగినా ముల్లు ఒరలోంచి పూర్తిగా బయటికి రాదు, గొలుసు పట్టేసుకుని ఉంటుంది. కోత అనేది గురి కుదిరాక ట్రిగ్గర్ నొక్కడం కాదు, అంతకు చాలా ముందు తుపాకీలో గుండు పెట్టి ఉంచడం.

లాగేది ఎవరు?

పక్క కణం, కణాల మధ్య మాత్రిక, రక్తప్రవాహం, స్పర్శ. జీపీఆర్56 రక్తంలో ప్లేట్‌లెట్ల మీద ఉంటుంది, గాయం దగ్గర కొలాజెన్‌ని పట్టుకున్నప్పుడు రక్తం పారే ఒరిపిడికి అది ఆన్ అవుతుందని 2020 లో చూపించారు. పండు ఈగ పిల్లపురుగుల్లో లాట్రోఫిలిన్ లేకుండా చేస్తే స్పర్శని, కంపనాన్ని పట్టుకునే నరాల సున్నితత్వం తగ్గిపోయింది, అది 2015 నాటి పని. అందుకే ఈ కుటుంబాన్ని రసాయనం రుచి చూసే రిసెప్టర్లుగా కాకుండా లాగుడుని కొలిచే రిసెప్టర్లుగా చూడమని అంటాను నేను. అందరూ ఒప్పుకోకపోవచ్చు, కొన్నిటికి లాగకుండానే లిగాండ్ అతుక్కుంటే చాలు అనే డేటా కూడా ఉంది.

త్రాంబిన్ రిసెప్టర్ కూడా ఇలాగే కదా? నాచ్ అనే రిసెప్టర్ కూడా?

పోలిక ఉంది, తేడా పెద్దది. త్రాంబిన్ రిసెప్టర్ పీఏఆర్1 లో కూడా దాగి ఉన్న సొంత మందు ఉంది, కానీ అక్కడ కోసేది బయటి ఎంజైమ్ త్రాంబిన్, కోసిన క్షణమే ఆన్. అంటే అక్కడ కోతే సిగ్నల్. నాచ్‌లో అయితే లాగుడు ఉంది గానీ, లాగాక బయటి ప్రోటియేజ్ ఒకటి, తర్వాత గామా సెక్రటేజ్ అనే ఇంకో ఎంజైమ్ వచ్చి కోస్తాయి. గెయిన్‌లో వరస తిరగబడింది, ముందు కోత, తర్వాత లాగుడు, ప్రోటియేజ్ ఎక్కడా లేదు.

కోసుకోకపోతే రిసెప్టర్ దండగేనా?

కాదు, ఇక్కడ గొడవ ఇంకా నడుస్తోంది. జీపీఆర్111, జీపీఆర్115 లాంటివి గెయిన్ ఉన్నా కోసుకోవు, కోతకి కావాల్సిన ఆ మూడు అమైనో యాసిడ్ల వరస వాటిలో సరిగ్గా లేదు. సీ ఎలెగాన్స్ అనే నులిపురుగులో లాట్రోఫిలిన్ లేని పిల్లలకి కోసుకోలేని రకాన్ని ఇచ్చి చూస్తే అది కూడా లోటు తీర్చింది. ఇంకా 2021 లో వచ్చిన పని ప్రకారం గెయిన్ మడత కొంచెం సాగే గుణం ఉన్నది, ఒర పూర్తిగా ఊడకుండానే ముల్లు అప్పుడప్పుడు బయటికి తొంగి చూడగలదు.

మరోపక్క పాలీసిస్టిన్-1 కథ ఉంది. 2007 లో ఎలుకల్లో దాని కోత జరగకుండా ఒక్క అమైనో యాసిడ్ మార్చారు. పాలీసిస్టిన్-1 పూర్తిగా లేకపోతే పిల్లలు కడుపులోనే పోతాయి, వీటిలో అలా కాలేదు, పుట్టాయి, కానీ పుట్టాక కిడ్నీ నాళాల్లో దూరపు భాగాలు గబగబా తిత్తుల్లా ఉబ్బిపోయాయి, దగ్గరి భాగాలు మాత్రం బాగానే ఉన్నాయి. అంటే ఒకే ప్రోటీన్‌కి కోత అక్కర్లేని పని ఒకటి, కోత తప్పనిసరైన పని ఇంకోటి. ఏ రిసెప్టర్‌కి ఏది అని ఒక్కోదాన్నీ విడిగా చూడాల్సిందే, అన్నిటికీ కలిపి ఒక రూలు చెప్పేవాళ్ళని నేను నమ్మను.

ఇది ఎలా బయటపడింది?

సాలెపురుగు విషం వల్ల. బ్లాక్ విడో సాలీడు విషంలో ఆల్ఫా లాట్రోటాక్సిన్ ఉంటుంది, నరాల కొసల్లోంచి రసాయనాలన్నీ ఒక్కసారిగా బయటికి కక్కిస్తుంది. అది దేనికి అతుక్కుంటోందో అని వెతికితే ముందు న్యూరెక్సిన్ దొరికింది, కానీ దానికి కాల్షియం కావాలి, కాల్షియం లేకపోయినా విషం పనిచేస్తోంది కాబట్టి ఇంకోటి ఉండాలి. ఆ ఇంకోదాన్ని 1997 లో పట్టుకున్నారు, ఒక గుంపు లాట్రోఫిలిన్ అంది, ఇంకో గుంపు కాల్షియంతో పనిలేని రిసెప్టర్ అనే అర్థంలో సీఐఆర్ఎల్ అంది. శుద్ధి చేస్తే రెండు ముక్కలుగా వచ్చింది, కానీ రెండూ ఒకే జీన్ నుంచి వచ్చినవి. కోత సంగతి అక్కడ మొదలైంది, తనే కోసుకుంటుందని తేలడానికి 2004 దాకా పట్టింది.

దీనివల్ల వచ్చే జబ్బులేంటి?

నాకు బాగా గుర్తుండిపోయింది వణుకు దద్దుర్లు. కొన్ని కుటుంబాల్లో టవల్‌తో గట్టిగా తుడుచుకున్నా, పరిగెత్తినా, గతుకుల బండెక్కినా ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి, మొహం ఎర్రబడుతుంది. 2016 లో కారణం చెప్పారు, ఈఎంఆర్2 లో 492 వ సిస్టీన్ టైరోసిన్‌గా మారింది. ఆ సిస్టీన్ గెయిన్ లోపలిది, అది పోతే ఒర వదులవుతుంది. ఈఎంఆర్2 చర్మం కింద మాస్ట్ కణాల (అలర్జీలో హిస్టమిన్ వదిలే కణాలు) మీద ఉంటుంది, బయటి ముక్క డెర్మటాన్ సల్ఫేట్‌ని పట్టుకుని ఉంటుంది, మామూలు మనిషిలో వణుకు వచ్చినా ముల్లు ఒరలోనే ఉంటుంది, వీళ్ళలో ఆ కాస్త వణుకుకే ఎన్‌టీఎఫ్ ఊడిపోయి మాస్ట్ కణం హిస్టమిన్ వదిలేస్తుంది. ముల్లు ఒర కథ మొత్తం ఒక మనిషి చర్మం మీద చదువుకోవచ్చు.

రెండోది దీనికి తిరగేసిన రకం. జీపీఆర్56 పాడైతే పిల్లల మెదడు ముందు భాగాల్లో మడతలు చిన్నచిన్నగా, ఎక్కువగా, అడ్డదిడ్డంగా ఏర్పడతాయి, బైలేటరల్ ఫ్రంటోపెరైటల్ పాలీమైక్రోజైరియా అంటారు, మూర్ఛలు, ఎదుగుదల ఆలస్యం ఉంటాయి. 2004 లో జీన్ దొరికింది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ పాడైన కాపీ వస్తేనే వస్తుంది. దొరికిన మార్పుల్లో 346 వ సిస్టీన్, 349 వ ట్రిప్టోఫాన్ పోయినవి ఉన్నాయి, రెండూ జీపీఎస్‌లో మారకుండా ఉండాల్సినవే, అవి మారితే మడత పడదు, కోత జరగదు, రిసెప్టర్ పైకి సరిగ్గా చేరదు.

మూడోది ఆటోసోమల్ డామినెంట్ పాలీసిస్టిక్ కిడ్నీ జబ్బు, ఎక్కువ కేసుల్లో తప్పు పాలీసిస్టిన్-1 జీన్‌లోనే, కానీ గెయిన్ వల్లే అన్నీ అనుకోవద్దు, అది 4300 అమైనో యాసిడ్ల ప్రోటీన్, ఎక్కడైనా పాడవొచ్చు. వీఎల్‌జీఆర్1 పాడైతే వినికిడి, చూపు పోయే అషర్ సిండ్రోమ్ 2సీ, జీపీఆర్126 లేకపోతే నరాల మీద మైలిన్ తొడుగు పడదు. ఇవి విడివిడిగా చదువుకోండి.

నా వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లని సైజు ప్రకారం విడదీసి చూసే పరీక్ష)‌లో రెండు బ్యాండ్లు వస్తున్నాయి, ప్రోటీన్ పాడైపోయిందా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నా మొదటి ఏడాది గుర్తొస్తుంది. నేనూ డిగ్రడేషన్ అనుకుని ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్ రెట్టింపు వేశా, మళ్ళీ వేశా, అయినా అదే. ఇక్కడ కోసేది ప్రోటియేజ్ కాదు కదా, ఇన్‌హిబిటర్ ఏం చేస్తుంది! ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ తగలగానే ఒర విప్పుకుంటుంది, ఎన్‌టీఎఫ్ ఒక బ్యాండ్, సీటీఎఫ్ ఒక బ్యాండ్, కోసుకోనిది ఏమైనా మిగిలితే పైన మూడోది. మీ ట్యాగ్ ముందువైపు ఉంటే ఎన్‌టీఎఫ్ మాత్రమే కనపడుతుంది, వెనకవైపు ఉంటే సీటీఎఫ్ మాత్రమే.

ఆ తర్వాత ఇంకో తప్పు చేశా, శాంపిల్‌ని అలవాటు కొద్దీ 95 డిగ్రీల్లో 5 నిమిషాలు మరగబెట్టా. ఏడుసార్లు పొర దాటే ముక్క మరిగితే ముద్ద కట్టి వెల్ అడుగునే ఇరుక్కుంటుంది, కిందకి దిగదు. నాకు సీటీఎఫ్ బ్యాండే మాయమైంది, వారం రోజులు కోత ఆగిపోయిందని సంబరపడ్డా. మరిగించకుండా గది వేడిలోనే లోడ్ చేసి చూడండి. పక్కన త్రియోనిన్‌ని అలనిన్ చేసిన మ్యూటెంట్ ఒకటి తప్పకుండా పెట్టుకోండి, అది లేని బ్లాట్ చూపించి కోత గురించి మాట్లాడితే ఎవరూ ఒప్పుకోరు.

మ్యూకిన్లలో (జిగురు పొరల ప్రోటీన్లు) ఉండే సీ (ఎస్ఈఏ) డొమైన్ కూడా ఇదేనా?

కాదు, కానీ అదే ఐడియా వేరే దారిలో వచ్చింది. ఎంయూసీ1 మ్యూకిన్‌లో సుమారు 120 అమైనో యాసిడ్ల సీ డొమైన్ ఉంది, అక్కడ తెగేది గ్లైసిన్‌కీ సెరిన్‌కీ మధ్య, ఇక్కడా ఎన్ నుంచి ఓ కి షిఫ్టే. తేడా ఏంటంటే అక్కడ బంధాన్ని మెలిపెట్టేది మడత బిగుతు, మడత పడుతున్నప్పుడు వచ్చే ఒత్తిడే కోతకి సాయం చేస్తుంది. తెగాక రెండు ముక్కలూ అతుక్కునే ఉంటాయి, కానీ లోపల ముల్లు లాంటి మందు ఏదీ లేదు.

దీని మీద మందులు వస్తాయా?

దారి తెలుసు, నడవడం కష్టంగా ఉంది. ముల్లు వరసని పెప్టైడ్‌గా తయారు చేసి కణాల మీద పోస్తే రిసెప్టర్ ఆన్ అవుతుంది, ల్యాబ్‌లో అందరూ చేసేదే. కానీ అంతా నూనె గుణమే కాబట్టి నీళ్ళలో సరిగ్గా కరగదు, పైగా వందల మైక్రోమోలార్ దాకా పొయ్యాల్సి వస్తుంది. రిసెప్టర్‌కి తన ముల్లు ఒంటికే కట్టి ఉంటుంది కాబట్టి గుంటతో దాని పట్టు అంత బలంగా ఉండక్కర్లేదు, బయట్నుంచి వచ్చే మందుకి ఆ సౌకర్యం లేదు. పైగా ముల్లు వరసలు కుటుంబమంతా ఒకేలా ఉండటంతో ఒకదాని పెప్టైడ్ ఇంకోదాన్ని కూడా గిల్లుతుంది. అందుకే కొందరు ముల్లుని వదిలేసి గెయిన్ బయటి ముఖానికి అతుక్కునే చిన్న ప్రోటీన్లు, యాంటీబాడీలు తయారు చేస్తున్నారు, ఒర ముఖాలు ఒక్కో రిసెప్టర్‌కి ఒక్కోలా ఉంటాయి కాబట్టి నా ఓటు కూడా అటే.

ముల్లు ఒకసారి బయటికొస్తే మళ్ళీ లోపలికి పోతుందా?

ఎన్‌టీఎఫ్ పూర్తిగా ఊడిపోతే ఇక అంతే, ఆ రిసెప్టర్ కణం లోపలికి లాక్కోబడే దాకా ఆన్‌లోనే ఉంటుంది. కొత్తది తయారై రావాల్సిందే.

పాత పేపర్లలో జీపీఆర్56, కొత్తవాటిలో ఏడీజీఆర్‌జీ1 అని ఉంది, రెండూ వేరా?

ఒకటే. 2015 లో పేర్లన్నీ సరిచేసి అందరికీ ఏడీజీఆర్ అని ముందు తగిలించారు. ఈఎంఆర్2 ఏడీజీఆర్‌ఈ2 అయింది, లాట్రోఫిలిన్-1 ఏడీజీఆర్‌ఎల్1, జీపీఆర్126 ఏడీజీఆర్‌జీ6. నోటికి పాతవే తిరుగుతాయి కాబట్టి ల్యాబుల్లో ఇంకా పాత పేర్లే వినపడతాయి, సెర్చ్ చేసేటప్పుడు మాత్రం రెండూ కొట్టండి, లేకపోతే సగం సాహిత్యం మిస్సవుతారు.

ఆల్ఫాఫోల్డ్‌లో చూస్తే గొలుసు తెగినట్టు లేదేంటి?

ఆల్ఫాఫోల్డ్ అంటే ప్రోటీన్ మడతని ఊహించే ప్రోగ్రాం, అది సీక్వెన్స్ మొత్తాన్ని ఒకే గొలుసుగా తీసుకుని మడత లెక్కేస్తుంది, తర్వాత జరిగే కెమిస్ట్రీ దానికి పట్టదు. మడత వరకు చాలా బాగా ఇస్తుంది, చివరి పోగు ఒరలో కూర్చున్నది కూడా చూడొచ్చు. ల్యూసిన్‌కీ త్రియోనిన్‌కీ మధ్య గీత మాత్రం అతికే ఉంటుంది, అది మీరే మనసులో చెరిపేసుకుని చూడండి.